సిప్రో గోలి సల్లతోని ఎందుకు వద్దు? గైరేజ్ ఆగితె క్రిమి చచ్చుడెందుకు?

హన్మకొండ కౌంటర్ అడుగుతున్నది:

డీ ఫార్మసీ రెండో సంవత్సరం, మెడికల్ షాపుల ట్రైనింగ్. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ మూడు యాంటీబయాటిక్‌లకూ పుస్తకంల ఒక్కటే వాక్యం: "డీఎన్ఏ గైరేజ్‌ను నిరోధించును". మార్కులకు అది చాలు, కౌంటర్ మీద నిలబడితె చాలుతలేదు.

గైరేజ్ ఆగితె డీఎన్ఏ కాపీ ఆగాలె, క్రిమి పెరుగుడు ఆగాలె, అంతే గద. మరి దీన్ని చంపే మందుల లెక్కల ఎందుకు రాస్తరు? మనకూ డీఎన్ఏ ఉన్నది, మనకేం గాదా? సల్లతోని, జెలుసిల్‌తోని వేసుకోవద్దని అందరికీ చెప్తం, కడుపుల ఏమైతదో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంకొకటి. రెండు కల్చర్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తె తల తిరిగింది. ఈ-కోలైకి సిప్రో జోన్ 27 మిల్లీమీటర్లు, పక్కన 'ఎస్' (లొంగుతది). టైఫాయిడ్ క్రిమికి అదే సిప్రో, అదే 27, పక్కన 'ఐ' (నడిమధ్య). ల్యాబోళ్ళు తప్పు రాసిన్రా?

కొంచెం లోతుకు పోయి చెప్పుండ్రి.

ప్లేట్ రీడర్ (మైక్రోబయాలజీ, వరంగల్):

ల్యాబ్ వాళ్ళు తప్పు రాయలేదు తమ్ముడూ, దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఆ "నిరోధించును" సంగతి తేల్చాలి, చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ఈ-కోలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. లోపలి డీఎన్ఏ 46 లక్షల బేస్ జంటలు. సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే క్రిమికి 700 రెట్ల పైచిలుకు. కాపీ కావాలంటే దాని రెండు పోగులూ విడిపోవాలి. నులక తాడు తీసుకొని రెండు పురులను నడుమ పట్టి విడదీసి చూడు: విడదీసిన చోటుకు ముందర తాడు బిగుసుకొని ముడులు పడుతుంది. కాపీ యంత్రం సెకనుకు దాదాపు 1000 జంటలు దాటుకుంటూ పోతుంది. పదిన్నర జంటలకు ఒక మెలిక, కాబట్టి సెకనుకు దగ్గరదగ్గర 100 మెలికల బిగువు ముందర పేరుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు విప్పేది గైరేజ్.

విప్పే పద్ధతి మాత్రం ప్రాణాంతకమైన గారడీ. డీఎన్ఏ పోగులు రెంటినీ కోస్తుంది, 4 జంటల ఎడంతో. తెగిన కొసలు జారిపోకుండా తనలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు కట్టేసుకుంటుంది. అదే డీఎన్ఏలో ఇంకో భాగాన్ని ఆ సందులోంచి దాటించి, తెగిన చోటును మళ్ళీ అతికిస్తుంది. ఒక్కో విడతకు రెండు ఏటీపీలు (కణానికి ఇంధనం) ఖర్చు, రెండు మెలికలు తేడా. దీని తోబుట్టువు టోపోఐసోమరేజ్-4 కూడా ఇట్లాగే కోసి అతికిస్తుంది. కాపీ పూర్తయ్యాక గొలుసు కడియాల్లాగ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు క్రోమోజోములను విడదీయడం దాని పని.

సిప్రో ఖాళీగా ఉన్న గైరేజ్‌ను పట్టుకోదు. కోత పడి, అతుకు ఇంకా పడని ఆ క్షణంలో దిగుతుంది. రెండు కోతల్లో ఒక్కో అణువు, చీల దిగ్గొట్టినట్టు బేసుల మధ్య. ఇక ఎంజైమ్ అతకలేదు, వదలలేదు. అటు నుంచి కాపీ యంత్రం వచ్చి గుద్దుకుంటుంది. కాపీ ఆగిపోతుంది. ఇంతవరకు క్రిమి చావలేదు, మందు తీసేస్తే తేరుకోవచ్చు. మందు ఇంకా ఎక్కువుంటే కట్టేసిన కొసలు ఊడిపోయి క్రోమోజోమ్ ముక్కలవుతుంది. చంపేది అట్లా విరగడమే. అంటే గైరేజ్ పని మానేసినందుకు కాదు, గైరేజ్ చేతిలోని కత్తి కోసిన చోటే దిగబడి ఉండిపోయినందుకు క్రిమి చస్తుంది.

దీనికి జన్యుశాస్త్రంలో చక్కటి నిదర్శనం ఉంది. ఒకే క్రిమిలో మామూలు గైర్-ఏ (గైరేజ్‌లో ఒక భాగం) జన్యువు, మందుకు లొంగని గైర్-ఏ జన్యువు రెండూ ఉంటే ఆ క్రిమి మందుకు లొంగుతుంది. ఉత్త నిరోధమే అయితే లొంగని గైరేజ్ పని నడిపించి బతికించాలి గదా. బతికించలేదు. ఎందుకంటే పక్కనున్న మామూలు గైరేజ్ డీఎన్ఏను కోసి అట్లాగే కూర్చుంది. అసలైన నిరోధం చూడాలంటే పాత మందు నోవోబయోసిన్ ఉంది. అది గైరేజ్ ఇంకో భాగమైన గైర్-బీలో ఏటీపీ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది, పనే నడవనివ్వదు.

ఇప్పుడు సల్ల. సిప్రో అణువుకు ఒక పక్కన కీటో, కార్బాక్సిల్ గుంపులు జంటగా ఉంటాయి. వాటి మధ్య ఒక మెగ్నీషియం అయాన్ కూర్చుంటుంది. దాని చుట్టూ ఉన్న నీటి అణువుల ద్వారా గైర్-ఏలోని 83వ సెరీన్‌నూ 87వ ఆస్పార్టిక్ ఆమ్లాన్నీ అందుకుంటుంది. మందుకు ఎంజైమ్ మీద ఉన్న పట్టు ముఖ్యంగా ఈ మెగ్నీషియం వంతెనే. కడుపులో కూడా అదే జంట గుంపు కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఇనుము, జింకు, ఏది కనబడితే దాన్ని పట్టేసుకుంటుంది. పట్టుకున్నాక పేగు గోడ దాటలేదు, మలంలో పోతుంది. క్రిమిని పట్టాల్సిన చేతినే జెలుసిల్ ముందుగా పట్టేసుకుంటుందన్నమాట.

మన కణాల్లోనూ టోపోఐసోమరేజ్-2 ఉంది, అదీ కోసి అతికించేదే. కానీ అక్కడ ఆ సెరీన్, ఆమ్లం జత లేదు. వంతెనకు అవతలి గట్టు లేనట్టే. అందుకే మామూలు మోతాదులో మన ఎంజైమ్ మీద పట్టు దొరకదు. ఇదే కిటుకును మన ఎంజైమ్ మీదనే ఆడే మందు కూడా ఉంది: ఎటోపోసైడ్. క్యాన్సర్‌కు వాడతారు.

చిట్టీ చూసేటోడు (ఫార్మసిస్టు):

ప్లేట్ రీడర్ సార్ ఎందుకో చెప్పిండు, ఎంత ఎడమో నేను చెప్త. కౌంటర్ మీద పనికొచ్చేది ఇదే బిడ్డా.

సిప్రో అయితె అంటాసిడ్, ఇనుము, కాల్షియం, జింకు, సుక్రాల్ఫేట్, వీటికంటె 2 గంటలు ముందన్న వేసుకోవాలె, 6 గంటలు తర్వాతన్న వేసుకోవాలె. లెవోకు ముందు 2, వెనుక 2. మాక్సీఫ్లాక్సాసిన్‌కు ముందు 4, వెనుక 8. ముందు తక్కువ, వెనుక ఎక్కువ ఎందుకంటె, గోలి ముందు పడితె రెండు గంటలల్ల చాలావరకు రక్తంల కలుస్తది. లోహం ముందు పడితె పేగులల్ల చాలాసేపు కాపు కాస్తది. సిప్రోకు 5-10 నిమిషాల ముందు అల్యూమినియం-మెగ్నీషియం అంటాసిడ్ తాగితె మందు 85 శాతం దాకా ఒంటికి పట్టదు. 500 గోలి మింగినోడు 75 మింగినట్టు. ఇగ పాలు, పెరుగు, సల్ల: గిలాస సల్లతోని మింగితె సుమారు మూడోవంతు పోతది. అన్నం తిన్నప్పుడు చివర్ల ఇంత పెరుగు కలుపుకుంటె అంత చిక్కు లేదు, ఉత్త పాలతోని, ఉత్త సల్లతోని మింగుడే వద్దు. లెవోకు పాల దెబ్బ తక్కువ.

మనోళ్ళు గోలి వేడి చేస్తదని సల్ల తాగుతరు. తాగనీ, గోలికి రెండు గంటలు ఎడం పెట్టి తాగమను. నీళ్ళు మాత్రం దండిగ తాగాలె. గ్యాస్‌కు తప్పదంటె పాంటాప్రజోల్ అడ్డం రాదు, అండ్ల లోహం లేదు.

చిట్టీల రెండు జోడీలు కనబడితె ఆగి డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఒకటి, సిప్రో పక్కన టిజానిడిన్. నడుం నొప్పి గోలీలల్ల కలిసి వస్తది, పేరు మీద కనబడదు, వెనుక అక్షరాలు చదవాలె. టిజానిడిన్‌ను కరిగించే లివర్ ఎంజైమ్‌ను సిప్రో ఆపుతది. రక్తంల టిజానిడిన్ సుమారు 10 రెట్లు అయితది, బీపీ పడిపోయి మనిషి కూలబడతడు. ఇది జాగ్రత్త గాదు, ఇయ్యనే ఇయ్యొద్దు. ఆస్తమాకు థియోఫిల్లిన్ వాడేటోళ్ళకూ అదే ఎంజైమ్ తంటా. రెండోది, మూత్రం మంటకు రాసే సిట్రేట్ సిరప్. అది మూత్రాన్ని క్షారం చేస్తది. క్షార మూత్రంల సిప్రో సరిగ కరగదు, స్ఫటికాలు గడతయి. ఎండకాలంల నీళ్ళు తక్కువ తాగే కూలోళ్ళకు ఇంకా చెడు.

లెవో, మాక్సీ షెడ్యూల్ హెచ్1ల ఉన్నయి. 2014 మార్చి 1 నుంచి అమలు. చిట్టీ లేంది ఇయ్యరాదు, ఇచ్చినంక డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎన్ని గోలీలు, అన్నీ వేరే రిజిస్టర్‌ల రాసి 3 ఏండ్లు దాచాలె. సిప్రో షెడ్యూల్ హెచ్, ఆ వేరే రిజిస్టర్ అక్కరలేదు, చిట్టీ మాత్రం తప్పదు.

హన్మకొండ కౌంటర్:

మస్తు సాఫైంది సార్. ఇంకొక ముచ్చట. "పవర్ ఎక్కువున్న గోలి ఇయ్యి" అని అడుగుతరు. మూత్రంల మంటకు నార్‌ఫ్లాక్స్ పనిజెయ్యకపోతె సిప్రో, అదీ కాకపోతె మాక్సీ అని మెట్లుమెట్లుగ ఎక్కొచ్చా?

వార్డు రౌండ్ (జనరల్ మెడిసిన్):

ఎక్కకూడదు. మాక్సీ మూత్రంలోకి సరిపడా రాదు, ఎక్కువ భాగం లివర్ దారిన పోతుంది. అందుకే కిడ్నీ చెడినవాళ్ళకు దాని మోతాదు తగ్గించనక్కర్లేదు, అందుకే మూత్రం ఇన్ఫెక్షన్‌కు పనికిరాదు. ఈ కుటుంబంలో పవర్ అంటే ఏ మందు ఏ చోటికి చేరుతుంది అనే. నార్‌ఫ్లాక్సాసిన్ నోటి ద్వారా సగం కూడా పట్టదు. పేగులో, మూత్రాశయంలో ఉంటుంది, కిడ్నీ కండలోకి, రక్తంలోకి చాలినంత పోదు. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి ఉన్న మనిషికి నార్‌ఫ్లాక్స్ ఇవ్వడం తప్పు. సిప్రో 70 శాతం పడుతుంది, అర్ధాయువు 4 గంటలు, కాబట్టి రోజుకు రెండుసార్లు. లెవో దాదాపు మొత్తం పడుతుంది, 6 నుంచి 8 గంటలు, రోజుకు ఒకసారి చాలు, ఊపిరితిత్తుల్లో న్యుమోకాకస్ మీద సిప్రో కంటే మెరుగు. మాక్సీ రోజుకు 400 మిల్లీగ్రాములు, ఒకసారి.

కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కు, కల్చర్‌లో లొంగుతుందని వస్తే, సిప్రో 500 రెండుపూటలా 7 రోజులు, లేదా లెవో 750 ఒకపూట 5 రోజులు. ఆడవాళ్ళ మామూలు మూత్రాశయం మంటకు ఇవి మొదటి మందులు కానే కావు. నైట్రోఫ్యురంటాయిన్ 5 రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాములు ఒక్కసారి. కిడ్నీ వడకట్టే శక్తిని చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 30 కంటే కిందికి దిగితే సిప్రో 250-500 చొప్పున 18-24 గంటలకు ఒకసారి. లెవో 750 అయితే 20-49 మధ్య రోజు మార్చి రోజు. ముసలివాళ్ళలో క్రియాటినిన్ అంకె మామూలుగా కనిపించినా క్లియరెన్స్ లెక్క కట్టకుండా రాయకూడదు.

సగం మోతాదు ఎందుకు చెడ్డదో ఒక చిన్న లెక్క. 500 రెండుపూటలా వేసుకుంటే 24 గంటల్లో రక్తంలో నిలిచే మందు మొత్తాన్ని కొలిచే ఏయూసీ సుమారు 27. ఈ-కోలై జాతి మీద బాగా పనిచేయాలంటే అది ఎంఐసీకి (క్రిమి మొలవకుండా ఆపే కనీస మందు గాఢతకు) 125 రెట్లు ఉండాలని చూస్తాం. ఎంఐసీ 0.25 అయితే 27ను 0.25తో భాగిస్తే 108, అంచు మీద ఉన్నాం. ఎంఐసీ 1 అయితే 27 రెట్లే, అందని ద్రాక్ష. ఇప్పుడు 250 వేసుకొని, దాని మీద సల్ల తాగితే? ఏయూసీ 27 నుంచి 9కి దిగింది. 0.25 ఎంఐసీ ఉన్న క్రిమికి కూడా 36 రెట్లే. ప్లేట్ రీడర్ గారు చెప్పిన మొదటి దశ దగ్గరే ఆగిపోతాం: కాపీ ఆగింది, క్రోమోజోమ్ విరగలేదు. మూత్రంలో మాత్రం లెక్క వేరు. 250 గోలికే మొదటి రెండు గంటల్లో లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. మూత్రాశయానికి చిన్న మోతాదు చాలడం అందుకే.

ఎవరికి వద్దు: మయస్తీనియా గ్రావిస్ (కండరాలు నీరసపడే జబ్బు) ఉన్నవాళ్ళకు, బృహద్ధమని ఉబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, ఈ మందులతో ఇంతకుముందు కండరాల నరం (టెండన్) దెబ్బతిన్నవాళ్ళకు. మడమ వెనుక ఉండే ఆ గట్టి నరం వాచడం, తెగడం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2008లో పెట్టె కట్టిన హెచ్చరిక పెట్టించింది. వయసు 60 దాటి, పక్కన స్టెరాయిడ్ గోలీలు నడుస్తుంటే ముప్పు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులకు ఏముందో తెలియని పొడులు, సూదులు తీసుకునేవాళ్ళలో స్టెరాయిడ్ దాగి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. 2016లో సైనస్, బ్రాంకైటిస్, మామూలు మూత్రం మంటలకు వేరే దారి ఉంటే వాడొద్దన్నారు. 2018లో షుగర్ పడిపోవడం, బృహద్ధమని చీలడం జతచేశారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడే ముసలివాళ్ళు లెవో మొదలెట్టి అన్నం సరిగ్గా తినకపోతే షుగర్ పడిపోయి తెలివి తప్పి వస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మీదున్నవాళ్ళకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) మళ్ళీ చూడాలి. మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి ఎండలో ఉండేవాళ్ళకు చర్మం మాడినట్టు కావచ్చు, అదీ చెప్పాలి.

ఒకటి గట్టిగా చెప్తాను. రెండు వారాలు దాటిన దగ్గుకు లెవో రాయొద్దు, ఇవ్వొద్దు. అది క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. పది రోజులు దగ్గు తగ్గినట్టు ఉంటుంది, గళ్ళ పరీక్షలో క్రిమి దొరకదు, రెండు నెలల తర్వాత ఊపిరితిత్తి గుల్లతో వస్తారు. క్షయ క్రిమికి టోపోఐసోమరేజ్-4 లేదు, ఉన్నదల్లా గైరేజే. ఆ ఒక్క లక్ష్యం మారితే చాలు మందు చెడుతుంది. మామూలు మందులకు లొంగని క్షయకు లెవో, మాక్సీ ముఖ్యమైన ఆసరా కాబట్టి వాటిని దగ్గులకు ఖర్చు పెట్టకూడదు. ముందు గళ్ళలో క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష, ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితం.

ప్లేట్ రీడర్:

వార్డు రౌండ్ మేడం లెక్క చూపించారు కాబట్టి 27 మిల్లీమీటర్ల ముడి ఇప్పుడు సులువుగా విప్పొచ్చు.

జోన్ అంటే మందు బిళ్ళ చుట్టూ క్రిమి మొలవని వలయం, అంతే. దాన్ని ఎస్, ఐ, ఆర్ అని ఎట్లా చదవాలో క్రిమిని బట్టి మారుతుంది. 5 మైక్రోగ్రాముల సిప్రో బిళ్ళకు ఈ-కోలై అయితే 26, అంతకు పైన 'ఎస్', 21, అంతకు కింద 'ఆర్' (లొంగదు). సాల్మొనెల్లా (టైఫాయిడ్ క్రిమి జాతి) అయితే 31, అంతకు పైన వస్తేనే 'ఎస్', 21 నుంచి 30 వరకు 'ఐ'. ఎంఐసీ లెక్కలో ఈ-కోలైకి 0.25 దాకా ఒప్పు, సాల్మొనెల్లాకు 0.06 దాకే. ఎందుకంత కఠినం? టైఫాయిడ్ క్రిమి మన తెల్లకణాల లోపల దాక్కుంటుంది. 0.12 నుంచి 0.5 మధ్య ఉన్న క్రిములకు సిప్రో ఇస్తే జ్వరం త్వరగా దిగదు, దిగినా తిరగబెడుతుంది. ఇది రోగుల్లో చూసి, తర్వాత గీత కిందికి జరిపారు. పైగా సిప్రో బిళ్ళ ఈ సన్నని తేడాను సరిగ్గా పట్టదు, అందుకే పెఫ్లాక్సాసిన్ 5 మైక్రోగ్రాముల బిళ్ళ పెడతాం. 24 మిల్లీమీటర్లు, పైన వస్తే లొంగుతుంది, తక్కువైతే లేదు. రిపోర్టులో 'పెఫ్లాక్స్' కనబడి, చిట్టీలో ఆ మందు లేదేంటని కొందరు అడుగుతారు. అది వైద్యానికి కాదు, కొలబద్ద.

క్రిమి ఎట్లా మొండికేస్తుందంటే మెట్టు మెట్టుగా. 83వ సెరీన్ పోయి ల్యూసిన్ వస్తే వంతెన గట్టు కూలినట్టే. ఈ-కోలైలో ఎంఐసీ 0.015 నుంచి 0.25 దగ్గరికి లేస్తుంది. చూశారా, ఆ 0.25 గీత లోపే, అంటే రిపోర్టులో ఇంకా 'ఎస్' అనే రావచ్చు. 87 కూడా మారి, టోపో-4లోని పార్-సీలో 80వ సెరీన్ కూడా మారితే 8, 16, 32 అని ఎక్కుతుంది. అప్పుడు ఏ మోతాదూ చాలదు. మొదటి మెట్టు ఎక్కిన క్రిమి సగం మోతాదులో హాయిగా బతికి రెండో మెట్టుకు సిద్ధమవుతుంది. దానికి తోడు, దెబ్బతిన్న డీఎన్ఏ చూసి క్రిమి ఎస్ఓఎస్ అనే అత్యవసర మరమ్మతు మొదలెడుతుంది. ఆ మరమ్మతులో తప్పులు ఎక్కువ, అంటే కొత్త మార్పులు ఎక్కువ. అర మోతాదు మందు క్రిమిని చంపకపోగా దానికి పాచికలు అందిస్తుంది.

ఇవికాక క్రిమి నుంచి క్రిమికి చేతులు మారేవి ఉన్నాయి. క్యూఎన్ఆర్ ప్రోటీను గైరేజ్ మీద కాపలా కూర్చుంటుంది, దాన్ని 1998లో గుర్తించారు. ఇంకొక ఎంజైమ్ సిప్రో, నార్‌ఫ్లాక్స్‌లకు ఎసిటైల్ గుంపు తగిలించి మొద్దుబారుస్తుంది, లెవోను ముట్టుకోదు. వచ్చిన మందును వచ్చినట్టు తోడిపోసే పంపులు సరేసరి.

మందు గోలి రూపంలోనే క్రిమిని చేరాలని లేదు కూడా. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే చోట బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రో ఉందని 2007లో ఒక పరిశోధన అచ్చయింది. 500 గోలి వేసుకున్న మనిషి రక్తంలో గరిష్ఠం లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. పోల్చి చూసుకో.

టైఫాయిడ్‌కు ఇప్పుడు సిప్రో ఎందుకు రాయరో ఇక చెప్పనక్కర్లేదు, మన దేశంలో దొరికే క్రిముల్లో ఎక్కువ భాగం ఆ 0.06 గీత పైనే ఉన్నాయి. అజిత్రోమైసిన్, సెఫిగ్జిమ్, దవాఖానాలో చేరితే సెఫ్ట్రియాక్సోన్. ఒక్క వైడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అనేయడం ఇంకో జాడ్యం. మొదటి వారంలో, యాంటీబయాటిక్ వేయకముందే, పెద్దవాళ్ళకు సీసాకు 8-10 మిల్లీలీటర్ల రక్తం తీసి కల్చర్ పెట్టాలి. రెండు మిల్లీలీటర్లు పంపి "ఏం మొలవలేదు" అంటే క్రిమి లేదని కాదు.

కోళ్ళ డాక్టర్ (కరీంనగర్):

మధ్యలో దూరుతున్నా. కోళ్ళకు వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ ఇదే కుటుంబం, ఒంట్లో కొంత సిప్రోగానే మారుతుంది. మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, తాగే నీళ్ళలో, 3 నుంచి 5 రోజులు. ఇక్కడ బోరు నీళ్ళు గట్టివి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో కలిపితే ట్యాంకులోనే జెలుసిల్ కథ జరుగుతుంది, కోడి రక్తంలో మందు తగ్గుతుంది. పనిచేయలేదని రైతు మోతాదు పెంచుతాడు, అసలు చేయాల్సింది మెత్తటి నీళ్ళు వాడటం. మినరల్ మిక్స్‌చర్ ఆ రోజుల్లో నీళ్ళలో కలపొద్దు. గుడ్లు పెట్టే కోళ్ళకు అసలు వద్దు, గుడ్డులో మిగులుతుంది. అమెరికాలో కోళ్ళకు దీన్ని 2005లో ఆపేశారు, కాంపైలోబాక్టర్ అనే క్రిమి మొండికేసినందుకు.

హన్మకొండ కౌంటర్:

అందరికీ దండాలు. ఆఖరిది. చిన్న పిల్లలకు మోషన్స్‌ల నెత్తురు పడితె ఒక్కొక్కసారి చిట్టీల ఓఆర్ఎస్, జింకు, సిప్రో మూడూ ఉంటయి. జింకు కూడ లోహమే గద?

వార్డు రౌండ్:

నీళ్ళ విరేచనాలకైతే సిప్రో ప్రశ్నే లేదు, ఎక్కువ భాగం వైరస్సే. ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ సిరప్ అడిగి పట్టుకుపోతారు చూడు, దానికీ ఇదే మాట. నెత్తురు, జిగట, జ్వరం ఉంటే షిగెల్లా అనే క్రిమి అనుకొని చూస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సిప్రో మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు, రెండుపూటలా, 3 రోజులు. పిల్లల కీళ్ళ భయం కుక్కపిల్లల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చింది. అవసరమున్న చోట మూడు రోజులకు వెనకాడం. కాకపోతే మన దగ్గర షిగెల్లా కూడా సిప్రోకు బాగా మొండికేసింది, రెండు రోజుల్లో నెత్తురు తగ్గకపోతే మార్చాలి.

చిట్టీ చూసేటోడు:

జింకు లోహమే బిడ్డా, సిప్రోను పట్టుకుంటది. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఒకే చెంచల రెండూ కలిపి పోస్తరు తల్లులు, అదే తప్పు. సిప్రో పొద్దుగాల 7కు, రాత్రి 7కు. జింకు పగటి ఒంటి గంటకు, చెంచ నీళ్ళల్ల కరిగించి. అటు 6 గంటలు, ఇటు 6 గంటలు. మూడు రోజులయినంక సిప్రో అయిపోతది, జింకు ఎప్పుడిచ్చినా పర్వాలేదు. ఓఆర్ఎస్‌ల ఉన్నది సోడియం, పొటాషియం, సిట్రేట్, గ్లూకోజ్. ఈ లోహాలు రెండింటికి సిప్రోను పట్టే బలం లేదు, రోజంత తాగియ్యమను.